కోళ్ళ తొట్టిలో పోసిన సిర్కా

నలభై ఏళ్ళుగా ఒక మాటను నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేక, కక్కలేక. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం సులువు. తెలిసినవాళ్ళకు చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేదాన్ని. చెంగమ్మ అన్నది అసలు పేరే. నా పేరు మాత్రం రాయను. అంత ధైర్యం ఇంకా రాలేదు.

చెంగమ్మ నా తోడికోడలు, మా మరిది పెళ్ళాం. నన్ను అక్కా అని పిలిచేది. ఎనభైల మొదట్లో పూతలపట్టు దగ్గర ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద కాపురం చేశాం. పెరట్లో అరవై తెల్లకోళ్ళు నావి. నావి అని ఎందుకంటున్నాను? ఇంటివే. కానీ వాటి మీద ఇంకొకరి చెయ్యి పడితే నాకు ఒళ్ళు మండేది.

చిత్తూరులో సాయిబు అంగట్లో సిర్కా దొరికేది. చదువుకున్నవాళ్ళు వెనిగర్ అంటారు. నీళ్ళలో కలిపి గూళ్ళు కడిగితే కంపు పోయేది, పేలు తగ్గేవి. కోళ్ళు తాగే మట్టి మూకుళ్ళలో కూడా ఒక్కో చెంచా పోసేదాన్ని. కోళ్ళు నవనవలాడేవి. కోళ్ళ డాక్టరమ్మ అని చెంగమ్మ వేళాకోళం చేసేది. అందులోనూ నాకు అసూయే వినిపించేది.

మూకుళ్ళు ఊరికే పగులుతున్నాయని మా ఆయన జింకు పూసిన రేకుతొట్టి తెచ్చాడు. పెద్దది కదా అని సిర్కా నాలుగింతలు పోసి, ఆ నీళ్ళు రెండు మూడు రోజులు అట్లాగే ఉంచేదాన్ని. పది రోజులకు కోళ్ళు ముడుచుకుని కూర్చోవడం మొదలైంది. పచ్చగా పారడం, మేత ముట్టకపోవడం, తల వాల్చడం. రోజుకు రెండు, మూడు పోయేవి.

నా కళ్ళు చెంగమ్మ మీదికి పోయాయి. శెనక్కాయల మూటల దగ్గర ఎలుకల మందు పెట్టింది ఆమే. పొద్దున్నే పెరట్లోకి పోయేదీ ఆమే. ఇన్ని కోళ్ళు చస్తుంటే ఆమె ఎందుకంత నిదానంగా ఉంది? ఏడ్చి ఉంటే దొంగ ఏడుపు అనేదాన్ని. అనుమానం పట్టినదానికి అన్నీ సాక్ష్యాలే. మా అత్తతో చెప్పాను. ఆమెతో ఆగక నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళందరితో చెప్పాను.

మా వైపు ఇట్లాంటి తగువు కాణిపాకంలో తేలుతుంది. తడిగుడ్డలతో స్వామి ముందు ప్రమాణం చేస్తే ఇక మాటుండదు. బొంకినవాళ్ళను ఆయనే చూసుకుంటాడు. చెంగమ్మ వెంటనే ఒప్పుకుంది. అక్క కూడా రావాలి, కోళ్ళ చావులో తన చెయ్యి లేదని తనూ చెప్పాలి అన్నది. అది న్యాయమే అన్నది అత్త.

బయలుదేరే ముందురోజు తొట్టి తోమబోయాను. లోపల మెరుపు పోయింది. నీళ్ళు నిలిచినంత మేరా రేకు నల్లబారి, తెల్లటి పొడి వేలికి అంటింది. నాలుక మీద పెట్టుకుంటే చిలుము రుచి. సిర్కా పులుపు రేకు పూతను తినేసి, ఆ నీళ్ళను విషం చేసింది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపులుసు కాచకూడదని నాకు పదేళ్ళప్పుడే మా అమ్మ చెప్పింది. మనుషుల కూటికి అంత జాగ్రత్తపడేదాన్ని, కోళ్ళ నీళ్ళ దగ్గర ఆ బుద్ధి ఏమైంది? అంతవరకే అయితే తెలివితక్కువతనం. ఆ తర్వాత చేసింది తెలివితోనే చేశాను. తొట్టిని పాడుబడ్డ బావిలో పారేశాను. ఇంట్లోకి పోకుండా వసారాలో ఒక మూల కూర్చుని, బయట చేరానని చెప్పాను. నెలసరిలో ఉన్నదాన్ని గుడికి రమ్మని ఎవరంటారు?

చెంగమ్మ ఒక్కతే వెళ్ళి ప్రమాణం చేసి వచ్చింది.

అబద్ధమైనా మూడు రోజులూ ఆ మూల కూర్చోక తప్పలేదు. ఆ మూడు రోజులూ నాకు అన్నం పెట్టింది ఆమే. మూడో రోజు విస్తరి నా ముందుకు జరిపి, పోకుండా నిలబడింది.

"పన్నెండు దినాల కిందనే గదక్కా నీకు ఈడ కూడు పెట్టినాను" అన్నది.

"ఒక్కోతూరి అట్లయితాది" అన్నాను.

ఆమె నన్నే చూసింది. "అయితాది లే. సల్లారిపోతాది, తిను."

ఆమెకు తెలుసు. అంతా తెలుసా, నేను బయట చేరలేదని మాత్రమే తెలుసా? తెలిసి ఎందుకు నోరు మూసుకుంది? నన్ను కాపాడిందా, నా అంతట నేనే చెప్తానని ఎదురుచూసిందా, లేక నా పాపం నన్నే తినాలని వదిలేసిందా? ఆ రోజు నుంచి ఆమె చూపు నా మీద పడితే చాలు, పని ఉన్నట్టు పెరట్లోకి పోయేదాన్ని.

తొట్టి పోయింది కాబట్టి కోళ్ళు చావడం ఆగింది. ఊరు దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. ప్రమాణం చేశాకే ఆగిందంటే, స్వామికి భయపడి మందు పెట్టడం మానిందనే కదా అన్నది అత్త. నేను అక్కడే ఉన్నాను. బియ్యం ఏరుతున్నాను. ఒక్క మాట చాలు. ఆ మాట నేను అనలేదు.

రెండు నెలలకు మరిది వేరుపడి, ఆమెను తీసుకుని మగ్గాల పనికి నగరి పోయాడు. చెంగమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది. నగరికి రోజూ బస్సులున్నాయి. నేను ఏ రోజూ ఎక్కలేదు.

మా ఊళ్ళో ఎవరైనా ఒట్టేసి బొంకితే చెంగమ్మ ప్రమాణం అంటారు. మొన్న నా మనవరాలు, చెంగమ్మ ఎవరో కూడా తెలియకుండా, నవ్వుతూ ఆ మాట అన్నది. ఆ ప్రమాణం నిజమైనదే అన్నాను. నీకెట్లా తెలుసవ్వా అని అడిగింది. లేచి వచ్చేశాను.

ఎట్లా తెలుసంటే, ఆ నీళ్ళు కలిపింది నేను. కోళ్ళను చంపింది నేను. చెంగమ్మ తడిగుడ్డలతో స్వామి ముందు నిలబడి చెప్పింది నిజమని, మా ఊరు మొత్తంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు మీకూ తెలుసు.