జోగమ్మ గొంతులో పన్నెండు సెకన్లు

అనుమానప్పక్షి అని ఇంట్లోవాళ్లు ఎంత వెక్కిరించినా, ఏలియాకు ముప్పై నాలుగేళ్లు అన్నం పెట్టింది ఆ అనుమానమే. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో రైలు చక్రాలు పరీక్షించే ఉద్యోగం. సుత్తితో కొట్టి చెవి ఒగ్గి వినాలి, బాగుంటే సుద్దముక్కతో ‘ఫిట్’ అని రాయాలి. అక్కడో కట్టడి ఉంది: బాగుచేసినవాడు పరీక్షించకూడదు, వేరేవాడు రావాలి.

రిటైరయ్యాక సుభాష్‌పల్లి ఇంట్లో పాత కంప్యూటరులో లినక్స్ వేసుకుని, ఊళ్లో ముసలి తెలుగువాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేసి అందులో దాచడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. ఆయనకదో పిచ్చి. పెద్ద డిస్కు మరీ నిదానమని, ఖరిదా బజారులో ఎస్ఎస్‌డీ అనే వేగమైన చిన్న డిస్కు కొని దాని ముందు తగిలించాడు. కొత్తవి ముందు ఇందులో పడతాయి, తీరిగ్గా పెద్దదానికి చేరతాయి.

ఊళ్లోనే మలంచా పేటలో ఉండే జోగమ్మ చనిపోయిన వారానికి, చక్రధర్‌పూర్‌లో ఉండే కూతురు సత్యవాణి ఫోన్ చేసింది. “బాబాయ్, ‘మీ నాన్న పేరు ఏలియాకి సెప్పీసినాను’ అని అమ్మ ఒకటే నవ్వు. బుద్ధెరిగాక ఆ పేరు అమ్మ నోట నేను యిననేదు. వస్తన్నాను, యినిపించు.”

మొగుడి పేరు పలకని కాలం మనిషి జోగమ్మ. పోయేముందు రికార్డు చేస్తూ ఏలియా అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, పలికేసింది.

సత్యవాణి వచ్చేలోపు ఓసారి విందామని తీరా పెడితే ఒకసారి ఒకచోట గరగర, ఇంకోసారి ఇంకోచోట. ఏలియా చెక్‌సమ్ తీశాడు. ఫైలు మొత్తానికి మెషిన్ కట్టే సంఖ్య అది, ఫైలు మారకపోతే మారదు. మెషిన్ ఆపి, మళ్లీ పెట్టి మూడుసార్లు తీస్తే మూడు సంఖ్యలొచ్చాయి. రాతలో తప్పుంటే ప్రతిసారీ అదే తప్పు రావాలి. పూటకో మాట చెబుతోందంటే మోసం చదవడంలో ఉంది. ఎస్ఎస్‌డీని పక్కనపెట్టి పాత రికార్డులు తీస్తే అన్నీ శుభ్రంగా ఉన్నాయి. దొంగ దొరికాడు. కానీ జోగమ్మ మాటలు ఇంకా పెద్ద డిస్కుకు చేరలేదు, ఆ దొంగ దగ్గరే ఉన్నాయి.

ఫోనులో అసలుది ఉంటుంది కదా అంటారా? చెరిపేశాడు మహానుభావుడు. దాచిన వెంటనే ఓసారి విని, పుస్తకంలో ‘ఫిట్’ అని రాసి, ఫోనులోది తుడిచేసేవాడు. అప్పుడు ఆయన విన్నది డిస్కులోది కాదు, మెషిన్ మెమరీలో ఇంకా మెదులుతున్న నకలు. దాచిందీ తానే, పరీక్షించిందీ తానే. వర్క్‌షాపులో ఎవడైనా ఇలా చేసి ఉంటే చార్జిషీటు ఇప్పించేవాడు.

పందొమ్మిదిసార్లు చదివించి, ఎక్కువసార్లు ఒకేలా వచ్చిన ముక్కలు ఏరి అతికించాడు. పన్నెండు సెకన్లు మాత్రం ఎంతకీ కలవలేదు. పేరులో సగం అక్కడే ఉంది.

సత్యవాణి వచ్చి వింది. తల్లి నవ్వు, “జగ్గా...”, ఆపైన గరగర. కళ్లు తుడుచుకుంది. “సిగ్గేసి సగంలో ఆపీసింది గావాల. పోన్లే బాబాయ్, ఇది సాలు.”

ఔననేస్తే అయిపోయేది. ఆమెకు తృప్తి, ఈయనకు పరువు. ఏలియా ప్రాణం ఒప్పలేదు.

“ఆపనేదమ్మా. జగ్గారావు అని పూర్తిగా సెప్పింది. నా మిషను తినీసింది. సరిగ్గా సూడకండా ఫిట్టని రాసినోణ్ణి నేనే.”

“పూర్తిగా సెప్పిందా?” అని సత్యవాణి రెట్టించింది.

“సెప్పింది.”

“అయితే అమ్మ ఎలాగన్నాదో అలాగ అను.” తన ఫోనులో రికార్డు నొక్కి ఆయన ముందు పెట్టింది.

ఏలియా భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వబోయి, ఏడుస్తూ పలికాడు. అలవాటుకొద్దీ, ఎలా వచ్చిందో విందామని ఫోనుకోసం చెయ్యి చాపాడు.

సత్యవాణి ఇవ్వలేదు. “నువ్వు కాదు బాబాయ్, నేను యింటాను,” అని చెవికి పెట్టుకుంది.