ఎనిమిది చింతపిక్కలు, ఒక కుంకుడు గింజ

కడియం నర్సరీల్లో లారీలకు మొక్కలు ఎక్కించేటప్పుడు లెక్క చూడటం నా పని. పదో తరగతి తప్పాక పుస్తకాల లెక్కలు వదిలేశాను గానీ, కళ్లెదుట ఉన్నవాటిని లెక్కపెట్టడం మానలేదు. ఏ సైజు కవరు మొక్కలు ఏ లారీలో ఎన్ని పడతాయో, ఎలా పేరిస్తే బండి ఒరగకుండా ఉంటుందో సొంతంగా నేర్చుకున్నాను. లోడింగుకు వచ్చే ఆడవాళ్లు నన్ను లెక్కల మేస్టారు అంటారు. అందులో సగం వెటకారమే.

నా దగ్గర రెండు ప్లాస్టిక్ డబ్బాలుంటాయి. పన్నెండు వందల మొక్కలు ఎక్కించాలంటే మొదటి డబ్బాలో పన్నెండు చింతపిక్కలు వేస్తాను. వంద మొక్కలు బండెక్కగానే ఒక పిక్క రెండో డబ్బాలోకి మారుతుంది. మొదటిది ఖాళీ అయితే పని అయిపోయినట్టు. మధ్యలో వాన వచ్చో, బండిలో చోటు చాలకో పని ఆగిపోతే రెండో డబ్బాలో ఒక కుంకుడు గింజ వేసి మూత పెట్టేస్తాను. లెక్క సగంలో ఆగిందని దాని అర్థం.

"ఏంటి మేస్టారూ, ఫోన్లో కాలిక్యులేటర్ ఉండగా ఈ పిక్కలేంటండి? వాన పడితే మొలకెత్తేస్తాయి!"

"మొలకెత్తితే వాటినీ కవర్లలో పెట్టి పంపిద్దాం లెండి."

ఆదివారాలు మా అమ్మాయి కూడా నాతో వచ్చేది. బోర్లించిన ప్లాస్టిక్ పెట్టె మీద కూర్చుని ఆ డబ్బాలనే చూస్తూ ఉండేది. దానికి అప్పుడు ఎనిమిదేళ్లు. నాలుగేళ్ల వయసులో రాజమండ్రి డాక్టరు గారు ఆటిజం అని చెప్పారు. మాటలు తక్కువ. చెప్పింది అర్థం చేసుకుంటుంది, కాకపోతే తన దారిలో. ఆఖరి పిక్క మారగానే తనే లేచి చెప్పులేసుకునేది.

బడిలో మాత్రం వేరే పిల్లలా ఉండేదట. మూడో తరగతికి వచ్చాక అరవడం, చెయ్యి కొరుక్కోవడం, చేతిలో ఉన్నది విసిరేయడం మొదలైంది. దసరా సెలవులు అయిపోయాక ఒకరోజు విసిరిన నీళ్ల సీసా పక్క పిల్ల నుదుటికి తగిలింది. ప్రిన్సిపల్ గారు మమ్మల్ని పిలిపించారు.

"మీ పాప మీద నాకేం కోపం లేదండి. మిగతా తల్లిదండ్రులకి నేనేం చెప్పను? నాలుగు వారాలు చూస్తాను. మారకపోతే టీసీ తీసుకోండి. ఇలాంటి పిల్లలకి వేరే చోట్లు ఉంటాయి కదా."

మా ఊరికి దగ్గరలో అలాంటి చోటు లేదు. ఉన్నది రాజమండ్రిలో, అదీ వారానికి రెండు రోజులే. టీసీ ఇచ్చారంటే మిగిలిన రోజులు పిల్ల ఇంట్లో కూర్చోవాల్సిందే. దానికి ఈ బడి అంటే ఇష్టం. ఉదయం ఏడున్నరకే బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడుతుంది.

నాకు తెలిసిన పనే చేశాను. క్లాసు టీచరు గారిని బతిమాలి, అరిచిన ప్రతిసారీ టైముతో సహా డైరీలో రాయమన్నాను. ఆవిడ ఓపిగ్గా రాశారు. మొదటి వారం పదకొండు, తర్వాత తొమ్మిది, ఆ తర్వాత ఆరు, చివరి వారం ఐదు. తగ్గుతోంది కదా అని గీతలు గీసి, నోటుపుస్తకంలో శుభ్రంగా రాసుకుని ప్రిన్సిపల్ గారి ముందు పెట్టాను.

ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని కింద మొత్తం చూశారు. "ముప్పై ఒకటి. మీరే రాసి తెచ్చారు చూడండి. నెలకి ముప్పై ఒక్కసార్లంటే ఏ టీచరు భరిస్తారండి?"

నా లెక్కే నా పిల్లను బయటికి పంపేలా ఉంది. వారంలోగా మా నిర్ణయం చెప్పమన్నారు.

ఇంటికొచ్చాక మా ఆవిడతో చెప్పాను. తను కూడా నర్సరీలోనే మామిడికి అంట్లు కడుతుంది. చేతులు కడుక్కుంటూ విని, "ఎన్నిసార్లు అరిచిందో రాశారు సరే. ఎందుకు అరిచిందో రాశారా?" అంది.

"టీచరు గారు రాసిందే నేనూ రాశాను."

"ఆదివారాలు లారీ దగ్గర నాలుగేసి గంటలు కూర్చుంటుంది. అక్కడ ఎన్నిసార్లు అరిచింది?"

ఆలోచించాను. "ఒక్కసారీ లేదు."

"మరి ఆ సున్నా ఎందుకు వెయ్యలేదండీ మీ పుస్తకంలో? పెద్ద లెక్కల మేస్టారు!"

అప్పుడు డైరీ మళ్లీ తీసి, టైములన్నీ బడి పీరియడ్ల పక్కన పెట్టి చూశాను. ముప్పై ఒకటిలో ఇరవై నాలుగు, గంట కొట్టిన రెండు మూడు నిమిషాల్లోపు జరిగినవి. మర్నాడు అనుమతి అడిగి క్లాసులో చివరి బెంచీ మీద కూర్చున్నాను. అమ్మాయి కాగితం నిండా గుండ్రాలు గీస్తోంది. గంట కొట్టారు. టీచరు గారు పుస్తకాలు మూసేయమన్నారు. అందరూ మూశారు. ఇది మాత్రం గీస్తూనే ఉంది. ఆయా వచ్చి కాగితం లాగింది, ఇది అరిచింది. దాని చెయ్యి సగం గుండ్రం మీద ఆగిపోయి ఉంది. ఇంకా ఎంతసేపు ఉందో దానికెవరూ చెప్పలేదు. లారీ దగ్గరైతే డబ్బా చెబుతుంది.

ఆ సాయంత్రమే డబ్బాలు పట్టుకుని బడికి వెళ్లాను. క్లాసు టీచరు గారు చూసి నవ్వారు.

"నలభై రెండు మంది పిల్లలండి నాకు. పాఠం చెప్పనా, పిక్కలు కదపనా?"

"పీరియడ్ నలభై నిమిషాలు కదండి. ఎనిమిది పిక్కలు. ఐదు నిమిషాలకొకటి. పాఠం చెబుతూ అటు వెళ్లినప్పుడు వేసేయొచ్చు."

"గోడకి గడియారం ఉందిగా?"

"దానికి టైము చూడటం రాదండి. డబ్బా ఖాళీ అవడం తెలుసు."

ఇద్దరం ప్రిన్సిపల్ గారి గదికి వెళ్లి ఇదే చెప్పాం. ఆవిడ సొరుగులోంచి టీసీ ఫారం తీసి బల్ల మీద పెట్టి, దాని మీద పేపర్ వెయిట్ ఉంచారు. "ఇంకో రెండు వారాలండి. ఆ తర్వాత నన్నేం అనకూడదు."

మొదటి వారం రెండుసార్లు అరిచింది. రెండూ పిక్కలు వేయడం మర్చిపోయినప్పుడే. రెండో వారం సోమవారం నుంచి గురువారం దాకా ఒక్కసారీ లేదు. గంట కొట్టకముందే కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంటోందని టీచరు గారే ఫోన్ చేసి చెప్పారు. శుక్రవారం మధ్యాహ్నం నేను క్రోటన్ మొక్కల లోడింగులో ఉండగా మళ్లీ ఫోను మోగింది. ఈసారి ప్రిన్సిపల్ గారు.

నేను వెళ్లేసరికి అమ్మాయి ఆయా పక్కన మెట్ల మీద కూర్చుని ఉంది. చేతి మీద పంటి గాట్లు. ప్రిన్సిపల్ గారి గదిలో టీచరు గారు తల దించుకుని నిలబడ్డారు. టీసీ ఫారం మీద పేపర్ వెయిట్ లేదు.

"చూశారా? మీ డబ్బాలు పెట్టాక కూడా ఇదే పరిస్థితి. నా కళ్లముందే నేల మీద దొర్లింది," అన్నారు ప్రిన్సిపల్ గారు.

నేను టీచరు గారిని అడిగాను. "అప్పటికి డబ్బాలో ఎన్ని పిక్కలున్నాయండి?"

"మూడు. వార్షికోత్సవం రిహార్సల్‌కి రమ్మని పిలిచారు. ఆ మూడూ ఒకేసారి వేసేశానండి. డబ్బా ఖాళీ అయితే లేస్తుంది కదా అనుకున్నాను."

మూడు పిక్కలంటే పదిహేను నిమిషాలు. అవి దాని కళ్లముందే ఒక్క క్షణంలో పోయాయి.

"మేడమ్, ఇందులో పాప తప్పు లేదండి, టీచరు గారి తప్పు కూడా లేదు. నాదే తప్పు," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"లోడింగులో మూడు పిక్కలు ఎవరైనా ఒకేసారి వేస్తే, మూడు వందల మొక్కలు ఎక్కాయా లేదా అని నేనే గొడవ చేస్తానండి. మా అమ్మాయి చేసింది కూడా అదే. పని సగంలో ఆగితే పిక్కలు ముట్టుకోకూడదు. కుంకుడు గింజ వెయ్యాలి. అది మాకు ఎంత అలవాటంటే, మీకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు."

జేబులో గింజ ఉంది. తీసి చూపించాను. ప్రిన్సిపల్ గారు దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశారు.

"ఇది వేస్తే ఊరుకుంటుందంటారా?"

"మా దగ్గర వాన పడిన రోజుల్లో ఊరుకుందండి. ఇక్కడ ఊరుకుంటుందని నేను చెప్పలేను. ఒకసారి చూడాలి."

అప్పటికి తర్వాతి పీరియడ్ మొదలై పదిహేను నిమిషాలైంది. పిల్లలు రిహార్సల్ నుంచి తిరిగొచ్చారు. టీచరు గారు డబ్బాలో ఐదు పిక్కలు వేసి, అమ్మాయిని దాని చోట కూర్చోబెట్టి కాగితం ఇచ్చారు. రెండు పిక్కలు మారాయి. మూడోదాని వంతు రాకముందే ఆవిడ కుంకుడు గింజ దానికి చూపించి రెండో డబ్బాలో వేసి, మూత పెట్టారు. గుమ్మంలో నేను, నా వెనక ప్రిన్సిపల్ గారు. మా అమ్మాయి డబ్బాకేసి చూసింది. గీస్తున్న గుండ్రం పూర్తి చేసింది. పెన్సిలు బాక్సులో పెట్టి, చెప్పుల కోసం బెంచీ కింద వెతుక్కుంది.

ప్రిన్సిపల్ గారు మెచ్చుకోలేదు. "వచ్చే సోమవారం నుంచి వారానికోసారి నాకు రాసి చూపించండి. మొత్తాలు వద్దు. ముందు ఏం జరిగిందో అది రాయండి," అన్నారు. ఫారం మళ్లీ సొరుగులోకి వెళ్లింది. చించలేదు, చించమని నేనూ అడగలేదు.

ఆ ఏడాది మిగిలిన నెలల్లోనూ అది అప్పుడప్పుడూ అరిచింది. ఫ్యాన్ ఆగిపోయినప్పుడు, కొత్త ఆయా వచ్చినప్పుడు. పిక్కలతో తీరనివి కొన్ని ఉన్నాయి. వాటినీ రాశాను, సున్నాలనీ రాశాను. వేసవి సెలవులకు ముందు నోటీసు బోర్డు మీద నాలుగో తరగతి జాబితా పెట్టారు. నేను పై నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. మా అమ్మాయిది పంతొమ్మిదో పేరు. నమ్మకం కుదరక కింద నుంచి కూడా లెక్కపెట్టాను.

జూన్‌లో కొత్త టీచరు గారికి డబ్బాలు ఇవ్వడానికి వెళ్లాను. చింతపిక్కలు పాతవే. కుంకుడు గింజ సంగతి మాత్రం ఈసారి ముందుగా చెప్పాను.