ఇద్దరికీ సెలవున్న రోజు

పోయిన వారం మెయిల్ తెరిస్తే, రూర్కెలాలో నర్సుగా చేసే ఒకావిడ నా పాత షిఫ్టు క్యాలెండర్ ప్రోగ్రాం గురించి రాసింది. తన డ్యూటీలూ భర్త డ్యూటీలూ పక్కపక్కన పెట్టి, ఇద్దరికీ కలిసి సెలవొచ్చే రోజు చూపించగలరా అని మర్యాదగా అడిగింది.

మా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, జంషెడ్‌పూర్‌లో పెళ్లికి ముహూర్తం కన్నా ముందు షిఫ్టు చూసుకునేవాళ్లం. ఆ లెక్క వేళ్ల మీద తేలక నేనో ప్రోగ్రాం రాసి, ఉచితంగా వాడుకోండి, కోడు చూసి బాగుచేసుకోండి అని నెట్‌లో పెట్టాను. ఫిర్యాదులు సైట్‌లో రాయమంటే ఎవరు వింటారు? బిష్టుపూర్ బజార్లో నా స్కూటర్ ఆపి మరీ నిలదీసేవాళ్లు. తప్పు చెబితే ఆ సాయంత్రమే దిద్దేవాణ్ణి గాని, కొత్త కోరికంటే మాత్రం నాకు ముక్కుమీద కోపం.

ఆ ఊళ్లోనే గోల్‌మురిలో అన్నయ్యావదినలతో ఒకే క్వార్టర్లో ఉండేవాణ్ణి, అన్నయ్య కార్ఖానా వేరు, నాది వేరు. నేనొచ్చేసరికి తను స్కూటరెక్కేవాడు, గేటు దగ్గర చెయ్యూపుకోవడమే మా మాటామంతీ. ఓసారి, "ఏట్రా, ఇద్దరి డ్యూటీలూ ఒక్క పేజీలో పెట్టలేవేటి? కలిసి ఆఫ్ ఎప్పుడొత్తాదో సూడొచ్చు కదా" అన్నాడు. అందరిలాగే సైట్‌లో రాయమన్నాను. పాపం, ఒంటివేలితో టైపు చేసి నిజంగానే రాశాడు. ఒక్కరడిగారని మార్చడం కుదరదని జవాబిచ్చి ఆ అర్జీ మూసేశాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అన్నయ్య అడిగినా నేను పెట్టలేదు.

తను మళ్లీ ఆ మాటెత్తలేదు. గోడ క్యాలెండర్ మీద ఇద్దరికీ కలిసొచ్చే సెలవులకు పెన్సిల్‌తో సున్నాలు చుట్టుకుని, ఆ రోజుల్లో చేపలు తెచ్చి నాకోసం కూర్చునేవాడు. నేనేమో కంప్యూటర్ ముందు ఊళ్లోవాళ్లు చెప్పిన తప్పులు దిద్దుతుండేవాణ్ణి.

అన్నయ్య పోయి మూడేళ్లయింది. ఆ నర్సమ్మ కోసం మొదలుపెడితే పని రెండు పూటల్లో అయిపోయింది, అంత చిన్నది. సరిచూడడానికి నా పాత షిఫ్టూ అన్నయ్య షిఫ్టూ ఎక్కించాను. రిటైరవడాలూ పోవడాలూ దానికేం తెలుసు, వచ్చే గురువారం ఇద్దరికీ సెలవని చూపించింది.

ఇప్పుడు డ్యూటీలు ఎవరి ఫోన్‌లోకి వాళ్లకే వస్తున్నాయి, బిష్టుపూర్‌లో నన్నెవరూ ఆపరు. నాకు రోజూ సెలవే. అయినా ఆ గురువారం పొద్దున్నే బజారుకెళ్లి చేపలు తెచ్చాను. సంచీ అందుకుంటూ వదిన, "ఇన్నేటి, ఎవరొత్తన్నారు?" అంది. నేను గోడ క్యాలెండర్ దగ్గరకెళ్లి, పెన్సిల్‌తో ఆ గురువారానికి సున్నా చుట్టాను.