గాలిబురుజులోంచి పిలిచిన మంత్రసాని

మా కాషాన్‌లో ఖదంఖైర్ చేతుల్లో పడకుండా పుట్టినవాళ్లు ఆ రోజుల్లో తక్కువ. పొట్టి మనిషి, గట్టి గొంతు. పట్టు వర్తకుడు హాజీ యదుల్లా కొత్త ఇల్లు కట్టినప్పుడు ఊరంతా నోరు వెళ్లబెట్టి చూస్తే, ఈవిడ మాత్రం "ఇంత కొంపలో పురుడొస్తే కేక ఎవరికి వినపడుతుంది?" అంది.

ఆ ఎండాకాలమే హాజీ కోడలు తూబాకి నొప్పులు మొదలయ్యాయి. కబురందినా, ఖదంఖైర్ మరో పురుడు ముగించుకుని వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నమైంది. వీధి తలుపుకి ఆడవాళ్లు మోగించే సన్నటి కడియం ఒకటి, మగవాళ్లు కొట్టే బరువైన కడ్డీ ఒకటి. మోతని బట్టి లోపల ఆడవాళ్లో మగవాళ్లో వచ్చి తీస్తారు. ఈవిడ కడియం మోగించింది. ఉలుకూ పలుకూ లేదు. వేడికి ఆడవాళ్లంతా రెండు లోగిళ్ల అవతల నేలమాళిగలో చేరారు మరి. కడ్డీతో దబదబా బాదింది. మగవాళ్లు బజారులో ఉన్నారు. కాపలా ముసలాయనకి చెవుడు.

"నీ తలుపు తగలెయ్య!" అంటూ పక్కింటి మెట్లెక్కి, పిట్టగోడ దాటి, హాజీ ఇంటి గాలిబురుజు చేరింది. పైగాలిని పట్టి నేలమాళిగలోకి దింపే బురుజు అది. గాలి దిగే దారిన మాట దిగదా? బురుజు కంతలో తల పెట్టి అరిచింది.

"ఓ సకీనా బీబీ!"

కింద హాజీ భార్య చేతిలోంచి షర్బత్ గిన్నె జారింది. "అమ్మో, జిన్ను! నన్ను పేరుపెట్టి పిలుస్తోంది!"

"జిన్నూ లేదు గిన్నూ లేదు! ఖదంఖైర్‌ని! తలుపు తియ్యండమ్మా!"

నొప్పుల్లోనే తూబాకి నవ్వొచ్చింది. "అత్తా, జిన్నయినా ఫరవాలేదు, ముందు లోపలికి రానీ!"

ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం హాజీ విషయం విని మండిపడ్డాడు. "ఆడమనిషివి కప్పులెక్కుతావా? ఊరు నవ్వదూ?"

"నవ్వనీండి హాజీ ఆఘా. మీరు తలుపు తీసేదాకా ఆగే రకం కాదు మీ మనవరాలు."

హాజీ ఇంకేదో అనబోయాడు. ఒళ్లో పసిది ఆవులించింది. ఆయన మాట మరిచిపోయాడు.

నెల తిరక్కుండా మేస్త్రీని పిలిచి, ఇంటి పక్క సందులోంచి ఆడవాళ్ల లోగిట్లోకి నేరుగా చిన్న తలుపు పెట్టించాడు. అందమైన గోడ పాడవుతుందని మేస్త్రీ గొణిగినా వినలేదు. ఆ తలుపు పుణ్యమా అని సందులోని ఆడవాళ్లంతా ఆ చల్లటి నేలమాళిగకి అలవాటుపడ్డారు. హాజీ విసుక్కునేవాడు, సకీనా పుచ్చకాయలు కోయించేది. చేతులు వణికి పని మానేశాక ఖదంఖైర్ కూడా వేసవి మధ్యాహ్నాలు అక్కడే కునుకు తీసేది. ఆవిడ గురక మాత్రం పక్కింటి కప్పు మీదికి వినపడేదట.