క్లచ్చిలో పోసిన కుసుమ నూనె

నా పేరు ఎస్తేరమ్మ. ఎనభై దాటాయి. మొయినాబాద్‌లో చిన్న కొడుకు, కోడలి దగ్గర ఉంటున్నాను. మా వీధి చివర ఉండే మేస్త్రి అన్న మొన్న ఆదివారం, గుడిగంట మోగే వేళకు కన్నుమూశాడు. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే ఆయన కొడుకు యోహాను రాస్తున్నాడు. జ్ఞాపకార్థ కూడికలో అందరూ ఆయన మంచితనం చెబుతారు. ఆయన పనితనం గురించి నేను చెప్పాలి. దానికి మచ్చ తెచ్చింది నేనే.

తెలంగాణ కావాలని పిల్లలు రోడ్లెక్కిన అరవై తొమ్మిది అది. బస్సు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు. కనకమామిడి ఊరి పటేలుకు పాత విలాయతి కారు ఉండేది. నా పెనిమిటి దాని డ్రైవరు. కారు షెడ్డు పక్క గదిలోనే మా కాపురం. ఆ కారుకు గేర్లు వాటంతట అవే మారేవి. ఆ గేరుబాక్సు చెడిపోతే బాగుచేసేవాడు దొరకలేదు. మేస్త్రి అన్న దాన్ని దించేసి జీపుది ఎక్కించాడు. ఇక దానికి క్లచ్చి కావాలి. పైన తొక్కితే కింద గేరుబాక్సు దగ్గర ఒత్తాలి. నడుమ ఇనుప కడ్డీ పెట్టాలా, నూనె గొట్టమా అని పెద్ద పంచాయితీ.

"కడ్డీ పెట్టు. కంటికి కనబడుతది," అన్నాడు పటేలు.

"స్టీరింగు అడ్డమొస్తున్నది పటేలా. కడ్డీ వంకర పెడితె కాలికి బరువైతది. నూనెకేం అడ్డం? గొట్టం ఎటు వంచితె అటు పోతది."

ఆ నూనెను నెట్టే సిలిండరు పెద్దదైతే క్లచ్చి బాగా విడుస్తుంది, కాని కాలు నొస్తుంది. చిన్నదైతే కాలికి సుఖం, క్లచ్చి పూర్తిగా విడవదు. నా పెనిమిటి ఎడమ మోకాలు అప్పటికే పాడు. అందుకని మేస్త్రి అన్న మూడు సిలిండర్లు తెచ్చాడు. ఒక్కొక్కటే బిగించి, పెడలు మీద తన అరచేయి పరిచి, దాని మీద కాలు పెట్టి తొక్కమన్నాడు.

"నీ చెయ్యి తొక్కాల్నా?" అన్నాడు నా పెనిమిటి.

"తొక్కు బావా, సిగ్గెందుకు? మోకాలు యాడ వణుకుతదో చెయ్యికి తెల్వాలె."

మూడింటిలో నడిమిది ఖాయం చేశాడు. నాకొక డబ్బా ఇచ్చాడు. "చెల్లె, బానెట్ కింద గిన్నెల నూనె తగ్గితె ఇదే పొయ్యి. ఇంకోటి పొయ్యకు. దీంట్ల ఆముదం కలుస్తది."

"ఆముదమా! మీ కారు బాలింతనా అన్నా?" అని నవ్వాను.

ఒక పొద్దున కారు తుడుస్తూ ఆ డబ్బా ఒలకబోశాను. గిన్నెలో నూనె తగ్గింది. పెనిమిటి పట్నంలో బందుకు చిక్కుకున్నాడు. దుకాణాలు మూత. పటేలు తిడతాడని భయం. ఆముదంతో నడిచేది కుసుమ నూనెతో నడవదా అనుకున్నాను. ఇంట్లో ఉన్నది అదే. గిన్నె నింపాను. ఖాళీ డబ్బాలో కూడా అదే పోసి పెట్టాను.

వారం తిరగకముందే, పటేలు తల్లిని దవాఖానకు తీసుకుపోతుంటే తొక్కిన క్లచ్చి మళ్ళీ పైకి రాలేదు. ఇంజను అరుస్తుంది, కారు కదలదు. ముసలమ్మ ఎడ్లబండిలో పట్నం పోయి బతికింది. మేస్త్రి అన్న పేరు మాత్రం బతకలేదు.

షెడ్డులో సిలిండరు విప్పాడు. లోపలి రబ్బరు వాషరు నానిన శనగగింజలా ఉబ్బి ఇరుక్కుపోయి ఉంది. వేలు ముంచి వాసన చూశాడు. తల తిప్పి నన్ను చూశాడు. నేను బిందె ఎత్తుకుని నీళ్ళకు బయల్దేరాను.

"నేను అనలేదా? నూనె నూనె అని మా అవ్వను సంపుతుంటివి గదరా!" అంటున్నాడు పటేలు.

"తప్పు నాదే పటేలా. రబ్బరు చూసుకోలే."

పెనిమిటి కొలువు పోతుందని నోరు మూసుకున్నాను. తర్వాత ఎవరో వచ్చి కడ్డీ పెట్టారు. ఆ బరువు తొక్కీ తొక్కీ నా పెనిమిటి కర్ర పట్టాడు. మేస్త్రి అన్నకు మళ్ళీ ఎవరూ కారు అప్పగించలేదు. నూనె మేస్త్రి అని ఎక్కిరించారు. బావుల మీది మోటార్లు బాగుచేసుకునే బతికాడు.

క్రిస్మస్‌కు గారెలు తీసుకుపోతే, ఒకటి అందుకుని వాసన చూసేవాడు. "కుసుమ నూనేనా చెల్లె?" నవ్వుతూనే, ప్రతి ఏడూ. "అవునన్నా" అనేదాన్ని. చెప్పుకొమ్మని ఏడాదికోసారి నాకు సందు ఇచ్చాడు. నేను గారెల గిన్నె తీసుకుని ఇంటికొచ్చేదాన్ని.

ఇక్కడ యోహాను కలం ఆపాడు.

"బడిల నన్ను నూనె మేస్త్రి కొడుకని ఎక్కిరిస్తుంటె నువ్వు వింటనే ఉంటివి గద అత్తమ్మా?"

"విన్న. రాయి."

"నా చేత్తోనా?"

"నీ చేత్తోనే. మీ నాయిన ఉంటె రాయనియ్యకపోతుండె. ఒక్క మాట తీసెయ్యకు."

కలం మళ్ళీ కాగితం మీద పెట్టాడు.

చదివేవాళ్ళు ఇది తెలుసుకోండి. ఆయన ఎంచిన క్లచ్చిలో ఏ తప్పూ లేదు. అది ఉన్న ఆ కొద్ది రోజులూ నా పెనిమిటి మోకాలు పట్టుకోకుండా కారు దిగాడు. ఆ పొద్దు నాకు ఇప్పటికీ కనబడుతుంది. మేస్త్రి అన్న కారు తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెడలుకూ నా పెనిమిటి కాలికీ నడుమ ఆయన నల్లటి అరచేయి. "జర గట్టిగ తొక్కు బావా, నాకేం కాదు," అంటున్నాడు.

నిశాని: ఎస్తేరమ్మ, ఎడమచేతి బొటనవేలు.

సాక్షులు: సువార్తమ్మ, కోడలు. యోహాను, మేస్త్రి కొడుకు, రాసినవాడు.