నాలుగో రోజు తర్వాతే డాక్టరు

రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెప్పేదాన్ని. బోర్డు మీద మనిషి బొమ్మ గీసి ఏ అవయవం ఎక్కడుంటుందో, ఏం చేస్తుందో పిల్లల చేత వల్లె వేయించేదాన్ని. నా కడుపులో ఏం జరుగుతోందో మాత్రం ఏళ్ళ తరబడి ఒక్క డాక్టరూ చెప్పలేకపోయాడు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

నొప్పి మొదలైంది తొంభైల మొదట్లో, అమలాపురంలో ఇంటర్ చదివేటప్పుడు. నెలసరి వచ్చిందంటే మొదటి రెండు రోజులూ మనిషిని కాను. నడుము లాగేసేది, నొప్పి తొడల్లోకి దిగేది, వాంతులయ్యేవి, దొడ్డికి వెళ్ళాలంటేనే భయమేసేది. అమ్మ మెంతులు మజ్జిగలో వేసి ఇచ్చేది, సొంఠి కషాయం తాగించేది, అందరికీ ఉండేదేనమ్మా అనేది. అందరికీ ఉండేదే అయితే నా పక్క బెంచీ పిల్ల అవే రోజుల్లో రింగ్ ఆట ఎలా ఆడుతోందని అడిగితే ఇంకో గ్లాసు కషాయం చేతిలో పెట్టేది. పెళ్ళయితే తగ్గిపోతుందన్నారు. పెళ్ళయింది, తగ్గలేదు. ఒక కాన్పయితే తగ్గిపోతుందన్నారు. కడుపుతో ఉన్నన్నాళ్ళూ నెలసరి లేదు కనక నొప్పీ లేదు, దాంతో చెప్పామా లేదా అని మా వాళ్ళందరూ మొహాలు వెలిగించుకున్నారు. పాపకి ఏడాది నిండాక నొప్పి మళ్ళీ వచ్చింది, ఈసారి వడ్డీతో సహా.

డాక్టర్లకి చూపించలేదా అంటారేమో. ఎందుకు చూపించలేదు, చూపించని డాక్టరు లేడు. అసలు తమాషా అంతా అక్కడే ఉంది.

మాది వరిచేలూ కొబ్బరితోటలూ ఉన్న ఇల్లు, మడీ మైలా పట్టింపు ఎక్కువ. ఆ మూడు రోజులూ పెరటి వసారా చివర గదిలో దూరంగా ఉండాలి. చాప వేరు, కంచం వేరు, గ్లాసు వేరు. అత్తవారింట్లోనూ ఇదే పద్ధతి. నాకు ఉద్యోగం వచ్చాక బడికి మాత్రం మినహాయింపు దొరికింది, గవర్నమెంటు జీతానికి మైల అంటదు కాబోలు. ఆస్పత్రికి మాత్రం ఆ మినహాయింపు లేదు. డాక్టరు ముట్టుకుని చూస్తారు కదా, బయట ఉన్న మనిషిని ఆయన ముట్టుకుంటే ఎంత అప్రతిష్ఠ! అందుకని నాలుగో రోజు తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని, అమ్మ వెంట బస్సెక్కి అమలాపురం వెళ్ళేదాన్ని. అప్పటికి నొప్పి ఎక్కడుంటుంది? డాక్టరు గారు పొట్ట మీద నాలుగు చోట్ల నొక్కి, ఇక్కడ నొప్పిగా ఉందా అమ్మా అనేవారు. ఇప్పుడు లేదండి అనేదాన్ని. ఆయన నా వైపు చూసేవారు, తర్వాత అమ్మ వైపు చూసేవారు, ఒక టానిక్కు రాసేవారు. ఒకాయన భయపడుతున్నావన్నారు. ఇంకొకాయన గ్యాస్ అన్నారు. మరొకాయన అపెండిక్స్ అని కోసి తీసేశారు. అది లేకుండా కూడా నొప్పి నిక్షేపంగా వచ్చింది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక నర్సింగ్ హోమ్‌లో గర్భసంచి తీసేద్దామన్నారు. ఒక పాప ఉంది కదా, ఇంక సంచితో పనేముంది, పీడా పోతుంది అని. ఇది మా వైపు వింత మాటేమీ కాదు. మా వీధిలో ముప్ఫై దాటిన ఆడవాళ్ళలో సంచి మిగిలినవాళ్ళని వెతుక్కోవాలి. నేనింకా ముప్ఫైకి రాలేదు. ఇంకో బిడ్డ కావాలని నాకు గట్టిగా ఉండేది. ఆ మాట అటుంచినా, ఏం జబ్బో పేరైనా చెప్పకుండా ఒక అవయవాన్ని కోసి అవతల పారేస్తామంటే ఒప్పుకోవడానికి మనసు రాలేదు. మావారిని అడిగితే, మీ అమ్మగారు ఎలా అంటే అలా అన్నారు. అమ్మ నేను పుట్టిన కొన్నేళ్ళకే తీయించేసుకుంది. తనకి తీసేశాక హాయిగా తిరుగుతోందనీ, నేను అనవసరంగా భయపడుతున్నాననీ అంది. వేసవి సెలవుల్లో పుట్టింట్లో ఉండి చేయించుకునేట్టు, నాన్నగారు పంచాంగం చూపించి మంచిరోజు కూడా ఖాయం చేశారు. ఆ మంచిరోజు సైతం నా నాలుగో రోజు దాటాకే వచ్చేట్టు అమ్మ లెక్క చూసుకుంది.

ఈ సంగతి స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ టీచరుతో చెప్పాను. ఆవిడ సాంఘికశాస్త్రం చెప్పేవారు. క్రైస్తవులు, ముత్తాత నాటి నుంచీ ఇంటిల్లిపాదీ పంతుళ్ళే. వాళ్ళింట్లో ఈ దూరంగా కూర్చోవడాలు లేవు. అందుకేనేమో, మా ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న ఆవిడకి తట్టింది.

"అయితే నొప్పి ఉన్న రోజున డాక్టరు గారు మిమ్మల్ని ఒక్కసారి కూడా చూడలేదాండీ?"

చూశారని చెప్పబోయి ఆగిపోయాను. ఒక్కరూ చూడలేదు. అన్నేళ్ళు, అంతమంది డాక్టర్లు, అందరూ నేను బాగున్న రోజున నన్ను చూసి నాకేమీ లేదన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మధ్యనే మా వైపు కొబ్బరికాయలకి నల్లి పట్టింది. పరిశోధనా కేంద్రం నుంచి జీపుల్లో వచ్చి, మచ్చలున్న కాయలనే ఏరి కోయించి పట్టుకెళ్ళి చూశారు. నల్లి పోయాక కబురు చేయండి, అప్పుడొచ్చి చూస్తామని ఎవరూ అనలేదు. కొబ్బరికాయకున్న పాటి భాగ్యం నాకు లేకపోయింది.

ఆ టీచరు గారి చెల్లెలు కాకినాడలో నర్సు. అక్కడ ఒక డాక్టరమ్మ సరిగ్గా ఇలాంటి నొప్పి మీదే పరిశోధన చేస్తున్నారని ఆ చెల్లెలి ద్వారా తెలిసింది. ఫోన్ చేయిస్తే డాక్టరమ్మ పెట్టిన షరతు ఒకటే, నొప్పి ఉన్న రోజే రావాలి.

ఆపరేషన్ రోజు ఇంకొన్ని వారాల్లో ఉందనగా నెలసరి వచ్చింది. సెలవులు కనక అప్పటికే పుట్టింట్లో ఉన్నాను. కాకినాడ వెళ్తానన్నాను. ఆస్పత్రి సంగతి సరే, ముందు మైలతో గోదావరి ఎలా దాటుతావంది అమ్మ. కోనసీమలో పుట్టినవాళ్ళం, ఏ పెద్ద ఊరికి వెళ్ళాలన్నా ఏదో ఒక పాయ దాటకుండా ఎలా కుదురుతుంది? అంటే నెలకి మూడు రోజులు కోనసీమ ఆడదానికి కాకినాడా లేదు, రాజమండ్రీ లేదు, రోగం వస్తే గదిలో పడి ఉండటమే. ఈ మాట నేను కొంచెం గట్టిగానే అన్నాను, వసారాలోంచి నాన్నగారు దగ్గడం వినిపించింది. చివరికి అమ్మే తయారైంది. నన్ను వెళ్ళమని కాదు, దారిలో పడిపోతే పట్టుకునేవాళ్ళు ఉండాలని.

అమలాపురం దాకా బస్సు, అక్కణ్ణించి ముక్తేశ్వరం రేవు, పంటు మీద గోదావరి దాటి కోటిపల్లి, అక్కణ్ణించి మళ్ళీ బస్సులో కాకినాడ. పంటు మీద అమ్మ నన్ను ఒక అంచున కూర్చోబెట్టి తను అవతలి అంచున నుంచుంది. నా తరఫున గోదారమ్మకి దణ్ణం పెట్టి, తెలియని పిల్ల, తప్పు కాయమని అడుగుతోందని పెదవుల కదలిక చూస్తే తెలుస్తోంది. నడి ఏట్లోకి వచ్చేసరికి నా వల్ల కాలేదు. కమ్మీ పట్టుకుని గోదావరిలోకే వాంతి చేసుకున్నాను. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆవలి ఒడ్డు చేరేదాకా తెరవలేదు.

డాక్టరమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పడుకోబెట్టి చెయ్యి పెట్టి చూస్తూ చూస్తూ ఒకచోట నొక్కారు. నేను పెట్టిన కేకకి బయట వరండాలో వాళ్ళు కూడా తలుపు వైపు తిరిగారట. అన్నేళ్ళలో మొదటిసారి ఒక డాక్టరు వేలు సరిగ్గా నా నొప్పి మీద పడింది. నొప్పికి ఏడ్చానో, ఒకరికైనా దొరికిందని ఏడ్చానో నాకే తెలియదు.

తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరలాంటిదే సంచికి బయట, అండాశయం మీదా పేగుల మీదా, అతుక్కుని పెరుగుతుందట. నెలనెలా లోపలి పొర కరిగినట్టే బయటిదీ కరుగుతుంది. లోపలి రక్తానికి బయటికి పోయే దారి ఉంది, ఈ రక్తానికి లేదు. అక్కడే నిలిచి వాపు తెచ్చి, పక్కపక్క అవయవాలని ఒకదానికొకటి అతికించేస్తుంది. ఎందుకొస్తుందండీ అని అడిగాను. సరిగ్గా తెలియదన్నారు. నెలసరి రక్తం కొంత వెనక్కి, సంచికి అటూ ఇటూ ఉండే గొట్టాల్లోంచి కడుపులోకి పోతుందనీ, అందులోని కణాలు అక్కడ నాటుకుంటాయనీ చాలాకాలంగా ఒక అభిప్రాయం ఉందట. అయితే అలా వెనక్కి పోవడం చాలామంది ఆడవాళ్ళలో జరిగేదే. కొందరిలోనే ఎందుకు నాటుకుంటాయో, అది హార్మోన్ల వల్లో, ఒంటి రక్షణశక్తి లోపం వల్లో, వంశం వల్లో ఎవరూ తేల్చలేదు. మందులు అణచి ఉంచుతాయి, ఆపరేషన్ చేసి ఆ ముక్కలు తీయొచ్చు, రెండిటి తర్వాతా మళ్ళీ రావచ్చు. నాకు చిర్రెత్తుకొచ్చింది. చంద్రుడి మీదికి మనిషిని పంపిన శాస్త్రానికి బొడ్డు కింద జానెడు చోట ఏముందో తెలియదా అన్నాను. ఆవిడకి కోపం రాలేదు. పరిశోధన చేద్దామని కూర్చుంటే, పేషెంట్లందరూ తలస్నానం చేసి వచ్చి 'ఇప్పుడేం లేదండి' అంటున్నారని, నాకంటే ఎక్కువ విసుగ్గా అన్నారు.

సంచి తీసేయడం గురించి అడిగాను. పొర సంచి బయట ఉంటే, దాన్ని వదిలేసి సంచి ఒక్కటీ తీసినంత మాత్రాన నొప్పి పోతుందని చెప్పలేమన్నారు. అని, మూల స్టూలు మీద కూర్చున్న అమ్మ వైపు తిరిగారు. వంశంలో ఎవరికైనా ఉందేమో కనుక్కోవడం కూడా ఆవిడ పరిశోధనలో భాగమే. అమ్మకి సంచి తీసేశారని తెలుసుకుని, తీసేశాక పూర్తిగా తగ్గిందా అని అడిగారు.

"ముట్టు ఆగిపోయిందండి" అంది అమ్మ.

"నొప్పండీ?"

అమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంది.

"నొప్పి ఉందండి. ఆయ్."

నేను మంచం మీద నుంచి లేచి కూర్చున్నాను. హాయిగా తిరుగుతున్నానని నాకు చెప్పిన మనిషి! అమ్మ మీద ఎన్నడూ రానంత కోపం వచ్చింది. మరి నాకెందుకు చెప్పలేదు, నన్నెందుకు చేయించుకోమన్నావని అడిగాను.

"సంచే తీసేసేరు కదమ్మా. లేని సంచికి నొప్పేంటని నన్నే అంటారు. నా భ్రమేమో అనుకున్నాను. నీకైనా తగ్గుద్దేమోనని."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, అది భ్రమ కాదని అమ్మకి నెమ్మదిగా చెప్పారు. అమ్మ తల ఊపింది. నా కోపం ఎవరి మీదికి పోవాలో తెలియక అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ అలాగే ఉంది.

నా సంగతి ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. తర్వాతి నెలలో పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా పంపి చూశారు. ఎడమ అండాశయం పేగుకి అతుక్కుపోయి ఉంది. విడదీసి, తీయగలిగినంత తీశారు. రెండో బిడ్డ పుట్టింది. కొన్నేళ్ళు బాగున్నాను, తర్వాత నొప్పి మళ్ళీ వచ్చింది, మళ్ళీ మందులు. ఎందుకొస్తుందో ఇప్పటికీ సరిగ్గా తెలియదంటున్నారు.

కానీ నేను మర్చిపోలేనిది కాకినాడ వెళ్ళొచ్చిన ఆ రోజు సాయంత్రం. ఇంటికి వచ్చేసరికి నాన్నగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆపరేషన్ వద్దనుకున్నామని నేను చెప్పాను. ముహూర్తం పెట్టించాక, డాక్టరు గారికి మాటిచ్చాక ఇప్పుడు వద్దంటే ఎలా, కడుపునొప్పితో జీవితాంతం బాధపడతావా, మీ అమ్మని చూసైనా తెలుసుకో అని మొదలుపెట్టారు. నేను జవాబు చెప్పబోతుంటే అమ్మ నా ముందుకి వచ్చి నుంచుంది. నాన్నగారి మాటకి అడ్డం చెప్పగా నేనెప్పుడూ చూడలేదు.

"దాని సంచి జోలికి వెళ్ళకండి. నాకు తీసేసినా నొప్పి పోలేదండి."

నాన్నగారు చేతిలో పేపరు మడిచారు. ఎప్పుడూ చెప్పలేదే అన్నారు. ఎప్పట్నుంచి ఉందని అడిగారు.

"మన పెళ్ళికి ముందు నుంచీ ఉందండి" అని చెప్పి, అమ్మ కాళ్ళు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళింది.