పడనివ్వని కోచ్

ముందు ఒక మాట సరిదిద్దాలి. మా మరిది కూలిపోయినప్పుడు ఫైటర్లు నవ్వుతూ నిలబడలేదు.

పెద్దకర్మ రోజున మా ఇంట్లోనే, విస్తరి ముందు కూర్చుని పప్పు కలుపుకుంటూ మీలో ఒకాయన పక్కాయనతో అన్నాడు: "పాపం, ఫైటర్లు గదన్నా! సార్ పడంగనే యాక్టింగ్ చేస్తుండనుకున్నరు. నవ్వుకుంట నిలవడ్డరు." వడ్డిస్తున్న నా చెవిన ఆ మాట పడింది. చేతిలో నెయ్యి గిన్నె ఉంది కాబట్టి ఆ రోజు ఊరుకున్నాను. ఈ రోజు చేతిలో కలం ఉంది.

వార్త చేరనివాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. సినిమా ఫైటర్ల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్, నా భర్తకు తమ్ముడు, సెమీఫైనల్ గెలిచిన వారంలోనే, సాయంత్రం ప్రాక్టీసులో గోల్ పోస్టు పక్కన కూలిపోయాడు. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం లేదన్నారు. అతని గురించి నాలుగు మాటలు రాసిస్తే ఫైనల్‌కి ముందు శుక్రవారం పంచే పత్రికలో వేస్తామని అభిమానులు అడిగారు. నాలుగు మాటలతో ఆపడం నాకు చేతకాదు. డిగ్రీ పిల్లలకు జీవితమంతా చరిత్ర చెప్పినదాన్ని. చూసినవాడి మాటకూ విన్నవాడి మాటకూ తేడా చెప్పకుండా ఏ ఏడూ పాఠం మొదలుపెట్టలేదు. మీకూ అక్కడినుంచే మొదలుపెట్టాను.

సినిమావాళ్ళలో ఇరవై నాలుగు క్రాఫ్టులంటారు. వాటిలో మోకాళ్ళు పనిచేసేవాళ్ళంతా ఏటా ఒక కప్పు కోసం ఫుట్‌బాల్ ఆడతారు. లైట్‌మెన్, డాన్సర్లు, డ్రైవర్లు, ఫైటర్లు, ఎవరి జట్టు వాళ్ళది. రచయితలు కూడా ఒక ఏడు దిగారు. మొదటి సగం బాగానే ఆడి, రెండో సగంలో ఏం చెయ్యాలో తెలియక ఓడిపోయారు. ఫైటర్ల జట్టు, మా మరిది కోచ్‌గా వచ్చిన కొత్తలో ఒకసారి కప్పు గెలిచింది. మళ్ళీ గెలవలేదు. అప్పటినుంచీ మా సందు చివర, జట్టు ఆడే స్కూలు గ్రౌండు పక్కనే ఉన్న టీకొట్టు దగ్గర ఒకటే ప్రశ్న: ఇంకో కప్పు కొట్టగలడా, లేడా?

ఫిల్మ్‌నగర్‌లో ఒక హిట్టు ఇచ్చినవాడి యోగక్షేమాలు ఎవరూ అడగరు. రెండోది ఎప్పుడని అడుగుతారు. మా మరిదికి కూడా అదే మర్యాద జరిగింది.

ఆ చర్చకు ఇద్దరు పెద్దలు. ఒకాయన రిటైరైన మేకప్‌మ్యాన్, కృష్ణాజిల్లా మనిషి. మా మరిది గెలుస్తాడనే పక్షం. రెండో ఆయన జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత దగ్గర కారు నడుపుతాడు. అయ్యగారు మీటింగుల్లో ఉన్నంతసేపూ ఈయన టీకొట్టు బెంచీ మీద ఉంటాడు. గెలవడనే పక్షం.

"ఒక్క కప్పుతోని ఎన్నొద్దులు బతుకుతడన్నా? ఇగ సార్‌తోని కాదు."

"అలా తీసెయ్యకండి. ఒక్క మంచి స్ట్రైకర్ దొరికితే చాలండీ ఆయనకి."

"స్ట్రైకర్ ఎందుకన్నా! గోల్ ముంగట బాక్సుల పడితే పెనాల్టీ వస్తది. లైట్‌మెన్‌లకు సక్కగ పడుడు కూడ రాదు, అయినా పడి పడి ఫైనల్‌కి పోయిండ్రు. మనోళ్ళకు పడుడే కొలువు. ఈ సారేమో పడొద్దంటడు!"

"అది మాత్రం నిజమేనండీ. బంగారంలాంటి విద్య, మూలన పెట్టించాడు."

ఈ మాటలన్నీ మా డాబా మీదికి చక్కగా వినిపిస్తాయి. మా మరిది అక్కడే ఉండేవాడు, గోల్ పోస్టు వల ముందు వేసుకుని. స్కూలు గ్రౌండులో వల వదిలేస్తే మర్నాటికి ఉండదని, ప్రతి మ్యాచ్ తర్వాతా ఇంటికి తెచ్చి, ఉతికి, ఆరేసి, తెగిన గళ్ళు నైలాన్ తాడుతో కుట్టుకునేవాడు. పెళ్ళి చేసుకోలేదు. సంబంధం చూడటానికి వెళ్ళవలసిన ప్రతి ఆదివారమూ ఎక్కడో ఒక మ్యాచ్ ఉండేది. మా పై వాటాలోనే ఉన్నాడు, మావారు ఉన్నప్పుడూ, పోయాక కూడా. నేను కాఫీ తీసుకుని పైకి వెళ్తే తల ఎత్తకుండా అడిగేవాడు.

"వదినా, ఈ పూట నేను గెలిచానా, ఓడానా?"

"ఇంకా తేలలేదు. డ్రైవరుగారు రెండో టీ చెప్పారు."

"అయితే ఎక్స్‌ట్రా టైమన్నమాట."

మ్యాచ్ జరుగుతున్నంతసేపూ జేబులో నిమ్మకాయ పెట్టుకుని గోటితో గీరి వాసన చూసేవాడు. అది ఏదో స్వామీజీ మంత్రించి ఇచ్చిందని మీలో చాలామంది నమ్మారు. ఇచ్చింది నేను. సిగరెట్ మానమన్నాను, చేతులు ఊరుకోవన్నాడు, వంటింట్లోంచి తీసి ఇచ్చాను. దాని మహిమ అంతే. కప్పు తేకపోయినా సిగరెట్ మాన్పించింది.

పడొద్దనే నియమం గురించి కుర్రాళ్ళకు ఒకే మాట చెప్పేవాడు: "పడటానికి మీకు డబ్బులిచ్చేవాళ్ళు వేరే ఉన్నారు. ఇక్కడ ఉత్తపుణ్యానికి ఎందుకు పడతారు?" అందరూ నవ్వేవారు. నియమం మాత్రం నవ్వులాటకు కాదని నిరుడు ఫైనల్లో తెలిసింది.

ఆ ఫైనల్ మీరు మరిచిపోయే రకం కాదు. ఆట అయిపోవస్తోంది. ఒక్క గోలు వెనకబడి ఉన్నాం. మన కుర్రవాడొకడు డాన్సర్ల పెనాల్టీ బాక్సులో గాలి తగిలి పడ్డాడు. ముచ్చటగా పడ్డాడు. రిఫరీ ఈల వేశాడు, మీరు గంతులేశారు. మా మరిది గీత దాకా నడిచి వెళ్ళి కుర్రవాణ్ణి పిలిచాడు. "తగిలిందా?" అని అడిగాడు. వాడు నేల చూశాడు. "అయితే వాళ్ళది వాళ్ళకి ఇచ్చెయ్" అన్నాడు. కుర్రవాడు బంతిని మెల్లగా అవతలి గోలీ చేతుల్లోకి తన్ని, చొక్కా పైకి లాగి మొహం దాచుకున్నాడు. కప్పు డాన్సర్లు పట్టుకుపోయారు.

ఆ సాయంత్రం మేకప్ ఆయన మా గేటు దగ్గర నిలబడి, "సార్ దేవుడండీ" అన్నాడు. ఊపిరి తీసుకుని, "దేవుడికి కప్పు ఎవడిస్తాడు లెండి" అన్నాడు. డ్రైవరు కొన్నాళ్ళు నమస్కారం మానేశాడు.

నేనూ ఊరుకోలేదు. "నీ నీతికి పదకొండు మంది కప్పు ఖర్చు పెట్టేశావే, వాళ్ళనడిగావా?" అన్నాను. పెరుగన్నం తిని పైకి వెళ్ళిపోయాడు. చాలా రోజుల తర్వాత, వల కుట్టుకుంటూ, నేను అడక్కుండానే మొదలుపెట్టాడు.

"అన్నయ్య నన్నొకసారి షూటింగ్‌కి తీసుకెళ్ళాడు వదినా. ఒక ఫైటర్ గోడ మీంచి పడాలి. పరుపు మీద పడాల్సినవాడు పక్కన పడ్డాడు. యూనిట్ మొత్తం చప్పట్లు కొట్టింది, ఎంత బాగా పడ్డాడో అని. నేనూ కొట్టాను. ఆ చప్పట్లు ఆగేదాకా ఎవరూ వాడి దగ్గరికి పోలేదు."

"బతికాడా?"

"బతికాడు. మళ్ళీ గోడెక్కలేదు." తాడు పళ్ళతో తెంపాడు. "రోజూ పడేవాడు నిజంగా పడినరోజు ఎవరికీ తెలియదు. వీళ్ళకి ఒక్క చోటైనా ఉండాలి కదా, పడితే మనిషి పరిగెత్తుకొచ్చే చోటు."

అది విన్నాక కూడా అతను చేసింది సరైనదేనని నేను గట్టిగా అనలేను. ఆ కుర్రవాడు మొహం మీదికి లాక్కున్న చొక్కా ఇప్పటికీ కనిపిస్తుంది. కానీ తర్వాత జరిగింది మాత్రం నేను కళ్ళారా చూశాను. సాయంత్రం నడక నాకు ఆ గ్రౌండు చుట్టూనే. ఆ రోజు గోల్ పోస్టుకు పది అడుగుల దూరంలో ఉన్నాను.

గోలీకి ఎక్కడ నిలబడాలో చూపిస్తున్నాడు. ఆ కుర్రవాడికి పోస్టును ఆనుకుని నిలబడటం అలవాటు. "అది హీరోయిన్ కాదురా, వదులు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. తానూ నవ్వాడు. మీరు విన్న నవ్వు అదే. అది అయిపోయింది. అందరూ తమ తమ చోట్లకు వెళ్ళారు, బంతి అవతలి కొసకు పోయింది. అప్పుడు మా మరిది పోస్టు పట్టుకున్నాడు. చేతిలో నిమ్మకాయ జారి గడ్డిలో దొర్లింది. మనిషి ఒక పక్కకు ఒరిగాడు.

తల నేలకు తగలకముందే గోలీ చెయ్యి అడ్డం పెట్టాడు. "సార్!" అని ఒక్క కేక. అవతలి కొసనుంచి అందరూ వచ్చారు. ఎలా వచ్చారో నేను చెప్పలేను, అంత వేగంగా ఈ జట్టు ఏ మ్యాచిలోనూ పరిగెత్తలేదు. ఒకడికి ఒక కాలి బూటు లేదు. ఒక్కడంటే ఒక్కడు "లెవ్వండి సార్" అని నవ్వలేదు, నిజమా కాదా అని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నిజంగా దెబ్బ తగిలినవాణ్ణి ఎలా ఎత్తాలో వాళ్ళ వృత్తి వాళ్ళకు నేర్పింది. మెడ కదలకుండా ఒకడు పట్టుకున్నాడు, మిగతావాళ్ళు కింద చేతులు వేసి బల్లలా లేపారు. నేను వెనక నడిచాను. అతని చెప్పులు నేనే తీసుకున్నాను.

మరి పెద్దకర్మ రోజున ఆ మాట అన్న డ్రైవరుగారు అబద్ధం చెప్పారా? లేదు. టీకొట్టు బెంచీ దగ్గర గోడ అడ్డం. అక్కడినుంచి ఆ గోల్ పోస్టు తప్ప గ్రౌండు కనిపించదు. ఆయన నవ్వు విన్నారు. కాసేపటికి ఇటు తిరిగి చూస్తే సార్ నేల మీద ఉన్నాడు. వెంటనే గ్లాసు పారేసి, కారు కోసం పరిగెత్తారు. అయ్యగారిని అడగలేదు, చెప్పలేదు. ఆ కారు గేటు దగ్గరికి తెచ్చేసరికి కుర్రాళ్ళు మా మరిదిని ఎత్తుకుని వస్తున్నారు. ఆస్పత్రి దాకా నడిపింది ఆయనే. మధ్యలో ఏం జరిగిందో ఆయనకు తెలియదు. మధ్యలో ఆయన కూడా పరిగెడుతున్నారు.

నా భర్త సినిమాల్లో ఎడిటర్. రెండు షాట్లు పక్కపక్కన పెడితే చాలు, మధ్యలో కథ చూసేవాడే అల్లుకుంటాడని చెప్పేవారు. నవ్వు ఒక షాటు, నేల మీద మనిషి ఒక షాటు. మధ్యలో ముక్క నా దగ్గర ఉండిపోయింది. ఇదుగో, ఇచ్చేశాను.

ఇవ్వడం ఆలస్యమయ్యేసరికి మీ కథ స్టూడియోలన్నీ తిరిగింది. ఫైటర్ల కోచ్ ఫైటర్ల ముందే పడితే ఫైటర్లే నమ్మలేదట! క్లైమాక్స్ బాగుంది కాబట్టి ఎవరూ విప్పి చూడలేదు. మొన్న గోలీ వచ్చాడు. గేటు దాటి లోపలికి రాలేదు.

"అమ్మా, మేం నవ్వినమంట గదా. ఏడికి పోయినా గదే అంటున్నరు."

"ముందు లోపలికి రా. కూర్చో."

"వద్దమ్మా. మీరు గాడనే ఉన్నరు గదా, జర మీరే చెప్పుండ్రి. మేం చెప్తె అది గూడ యాక్టింగంటరు."

"ఆదివారం ఫైనల్ ఆడుతున్నారా లేదా?"

"ఏ మొకం పెట్టుకొని ఆడాలమ్మా? అందరు రామంటున్నరు."

సెమీఫైనల్ ఒక్కడు కూడా పడకుండా గెలిచిన జట్టు ఇది. ఇప్పుడు మీ నోటి మాటకు పడి ఉంది. అతను పోయినందుకు నాకున్న బాధ నా ఇంట్లోది, దాన్ని నేను చూసుకుంటాను. కానీ అతను ఏళ్ళ తరబడి, కప్పులు పోగొట్టుకుని మరీ, వాళ్ళకొక చోటు కట్టాడు. ఆ చోటు ఉందని అతను పోయిన రోజే రుజువైంది. దాన్ని టీకొట్టు దగ్గర కూలగొట్టకండి.

ఇంకో కప్పు కొట్టగలడా అన్న మీ ప్రశ్నకు జవాబు వచ్చేసింది. కొట్టలేడు. డ్రైవరుగారిదే గెలుపు. అయితే ఆయన ఆ గెలుపు పుచ్చుకోవడం లేదట, గ్రౌండుకు వీపు పెట్టి కూర్చుంటున్నారట. ఆదివారం కుర్రాళ్ళు దిగి కప్పు గెలిస్తే అది సార్ ఖాతాలోదా కాదా అని మీరు కొత్త చర్చ మొదలుపెడతారని నాకు తెలుసు. పెట్టండి. డాబా మీదికి వినిపించేలా పెట్టండి. నేను కాఫీ పట్టుకుని పైకి వెళ్ళే వేళ మారలేదు.

ఇక పని సంగతి. వల మా డాబా మీదే ఉంది. సెమీఫైనల్లో ఎడమ మూల తెగితే సగం కుట్టి వదిలేశాడు. మిగతా సగం నేను కుట్టాను. నా ముళ్ళు లావుగా ఉంటాయి, వాటిని చూసి నవ్వుకోండి, అనుమతి ఉంది. ఉతికి ఆరేశాను. మధ్యాహ్నం దాని నీడ గళ్ళుగళ్ళుగా డాబా అంతా పరుచుకుంటోంది, అతను కూర్చునే పీట మీద కూడా.

శనివారం ఎండ తగ్గాక వచ్చి తీసుకెళ్ళండి. అది లేకపోతే ఆదివారం మ్యాచ్ లేదు. ఒక్కరు మడిస్తే చిక్కు పడుతుంది, ఇద్దరు కావాలి. ఒక కొస గోలీ పట్టుకోవాలి. రెండో కొస డ్రైవరుగారు పట్టుకోవాలి. వేరేవాళ్ళను పంపితే ఇవ్వను. ముందు పొడుగునా మడిచి, తర్వాత చుట్టండి. మెట్లు ఇరుకు, మలుపు దగ్గర ఒక మెట్టు విరిగింది. చూసుకుని దిగండి. ఎవరూ పడొద్దు.